భూలక్ష్మి దంచిన కారం

ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే భూలక్ష్మికి ఒళ్ళు మండేది. అది గర్వమని కొందరన్నారు, పొగరని ఎక్కువమంది అన్నారు. పేరు ఏది పెట్టుకున్నా, ఆమె బతుకులో జరిగిన మంచీ చెడూ రెండూ ఆ గుణం వల్లనే జరిగాయి. మంచి తక్కువ, చెడు ఎక్కువ. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

అప్పటి హఫీజ్‌పేట్ అంటే నల్లబండలు, సీతాఫలం పొదలు, ఎప్పుడో ఒకసారి ఆగి పోయే ప్యాసింజరు బండి. భూలక్ష్మి మొగుడు వీరేశానికి ఊరికీ కూకట్‌పల్లికీ మధ్య రెండెకరాల చెలక ఉండేది. జొన్న పండేది, ఆముదాలు పండేవి. కార్ఖానా కడతామని సర్కారు వచ్చి ఆ రెండెకరాలూ, చుట్టుపక్కల మరికొందరివీ తీసుకుంది. చెలక పోయాక వీరేశం కంకర కొట్టడానికి పోయాడు. మూడో ఏడు బండ జారి కుడిచెయ్యి నలిగింది. దవాఖానలో ఆ చేతికి కట్టు కట్టి పంపారు గానీ, అది మళ్ళీ సుత్తి పట్టుకోలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దది ఏడేళ్ళది.

భూలక్ష్మి ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. మిరపకాయలు కొని, బండల మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, దంచి, జల్లెడ పట్టి, బుధవారం నాడు కూకట్‌పల్లి అంగడిలో గంప పెట్టుకుని కూర్చుంది. ఆమె కారానికి ఒక రంగు ఉండేది. పైన కొంచెం వేసి అడుగున ఇటుకపొడి కలిపే రకం కాదని జనానికి రెండు అంగళ్ళలోనే తెలిసిపోయింది.

ఇక సంఘం సంగతి. కార్ఖానా వచ్చింది కాబట్టి దాని ఆఫీసర్లు వచ్చారు, ఆఫీసర్లకు క్వార్టర్లు వచ్చాయి, క్వార్టర్లలో కోస్తా నుంచి వచ్చిన వాళ్ళ ఇల్లాళ్ళు ఒక మహిళా సేవా సమితి పెట్టుకున్నారు. అధ్యక్షురాలు కనకలక్ష్మి. ఆమె భర్త కార్ఖానాలో అందరికంటే పై ఆఫీసరు, అందుకని ఆమె సంఘంలో అందరికంటే పైన. ఆ పదవికి ఎన్నిక ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. నెలకోసారి చుట్టుపక్కల ఊళ్ళకు పోయి పాలపొడి, పాతచీరలు పంచేవారు. ఇచ్చే చెయ్యీ, పుచ్చుకునే చెయ్యీ రెండూ పడేట్టు ఫోటో తీయించుకునేవారు.

డెబ్భయ్యో సంవత్సరం వానాకాలంలో ఆ పంపకం హఫీజ్‌పేట్‌కు వచ్చింది. వరసలో భూలక్ష్మి వంతు వచ్చినప్పుడు పాలపొడి పొట్లం అందించిన మనిషి పద్మావతి. ఆమె ఇంజనీరు భార్య, బందరు మనిషి, బి.ఏ. చదివింది. చదివిన చదువంతా పోపులడబ్బాలో పడిపోయిందని లోలోపల దిగులు పడే రకం.

"ఇది వద్దమ్మా," అన్నది భూలక్ష్మి. "పనేమన్న ఉంటే చెప్పున్రి. చేస్త."

"పని అంటే... ఏం పని వచ్చు నీకు?"

"కారం దంచొస్తది. బుధవారం అంగడికి రాన్రి, చూస్తరు."

మాట వరసకు అన్న మాట అది. కానీ పద్మావతి నిజంగానే బుధవారం అంగడికి వచ్చింది, కారం కొనుక్కుపోయింది, ఆ కారంతో చేసిన వంకాయకూర తిని ఆమె భర్త మారు వడ్డించుకున్నాడు. ఆ తర్వాతి సమావేశంలో ఆమె లేచి నిలబడింది. ఎన్నాళ్ళని పాలపొడి పంచుతాం, వీళ్ళకు పని కల్పిద్దాం, ఆ వచ్చినదానితో సంఘమూ నడుస్తుంది, వాళ్ళూ బతుకుతారు అన్నది. అందరికీ నచ్చింది. ఏం పని అన్న దగ్గర తలా ఒక మాట. ఒకావిడ కుట్టుమిషన్లంది, ఒకావిడ కొవ్వొత్తులంది, ఇంకొకావిడ పత్రికలో చూసిన గుడ్డబొమ్మలంది. చివరికి పద్మావతి, అసలు పని చేసేవాళ్ళను అడుగుదామని భూలక్ష్మిని పిలిపించింది. చెయ్యబోయేవాళ్ళను ఒకమాట అడగాలన్న బుద్ధి ఆ సంఘానికి పుట్టింది ఆ ఒక్కసారే.

భూలక్ష్మి గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడింది.

"జాకిట్లు కుడితె ఎవరు కొంటరమ్మా? ఊళ్ళె మేరాయన ఉన్నడు, ఆయనకే పని దొర్కుతలేదు. కొవ్వొత్తి కరెంటు పోయిననాడే కావాలె. బొమ్మలు మీరు ఒక్కొక్కటి కొంటరు, మల్ల కొనరు. కారం దినాం కావాలె. ఉన్నోడు తింటడు, లేనోడు అదొక్కటే తింటడు."

కారమే అని తేలింది. కూకట్‌పల్లిలో బొంబాయి సడక్ పక్కన ఒక పాత గోదాము కిరాయికి తీసుకుని కారం కేంద్రం పెట్టారు. ఆరు రోళ్ళు, పన్నెండుమంది ఆడవాళ్ళు. అందరూ భూమి పోయినవాళ్ళో, మొగుడు పోయినవాళ్ళో, ఉండీ లేనట్టున్న మొగుళ్ళు కలవాళ్ళో. భూలక్ష్మి ఏరి తెచ్చింది.

కారం దంచడమంటే చేతిబలం ఒక్కటే అనుకునేవాళ్ళుంటారు. ఒక రోటి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది దిగాలి. లెక్క తప్పితే రోకలి రోకలికి తగులుతుంది, లేదా ఎవరి వేలో పచ్చడవుతుంది. కారం ఘాటుకు కళ్ళలో నీళ్ళు కారుతూనే ఉంటాయి, ముక్కుకు కొంగు కట్టుకుంటారు, కళ్ళు మూసుకునే దంచుతారు. అందుకని ఎదుటి మనిషి ఊపిరి విని చెయ్యి దించాలి. భూలక్ష్మికి జత కిష్టమ్మ. పక్కింటి మనిషి, వయసులో చిన్నది, అక్కా అని పిలిచేది. వాళ్ళిద్దరూ దంచుతుంటే ఒకే మనిషికి రెండు రోకళ్ళున్నట్టు ఉండేది.

మొదటి గొడవ ధర దగ్గర వచ్చింది. కనకలక్ష్మి, "మనది సేవ అండీ. లాభం వేసుకుంటే మనకీ షావుకారుకీ తేడా ఏముంది?" అన్నది. ఆ మాట వినడానికి ఎంతో బాగుంది. కమిటీలో అందరూ తలలూపారు. కారాన్ని బజారు ధర కంటే తక్కువకు అమ్మాలని, సంఘసభ్యులకు ఇంకొంచెం తగ్గించాలని తీర్మానించారు. మిరపకాయల షావుకారు తన ధర తగ్గించడు, గోదాము యజమాని కిరాయి తగ్గించడు. తగ్గడానికి మిగిలింది దంచే చేతుల కూలి ఒక్కటే. దానికి కూలి అని కాకుండా గౌరవభృతి అని పేరు పెట్టారు. గౌరవం ఉన్నచోట అన్నం కొంచెం తక్కువైనా పరవాలేదని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

"లాభం వద్దంటే వద్దే గానీ అమ్మా, మా కైకిలి ఎందుకు తగ్గాలె?" అని భూలక్ష్మి పద్మావతిని నిలదీసింది. "సేవ మీరు చేస్తున్నరా, మేం చేస్తున్నమా?"

పద్మావతికి ముఖం కందిపోయింది. కమిటీలో వారంపాటు పోరాడి ధర కొంచెం పెంచింది. అన్యాయం చెప్పకూడదు, ఆ మనిషి మనసు మంచిది. మంచి మనసు దేనికి సరిపోతుందో దేనికి సరిపోదో ముందు ముందు మీరే చూస్తారు. ఆ ఏడాదే పద్మావతి కార్ఖానా కాంటీన్‌కు కారం ఇచ్చే ఆర్డరు సంపాదించింది. నెలనెలా బస్తాలకు బస్తాలు పోవాలి. కేంద్రం నిలదొక్కుకుంది.

సరిగ్గా అప్పుడు భూలక్ష్మి ఇంటికి ఒక కాగితం వచ్చింది.

భూమి పోయిన ఇంటికి ఒక నౌకరీ ఇస్తామని కార్ఖానావాళ్ళు ఎప్పుడో ఇచ్చిన మాట, అయిదేళ్ళు నానిన తర్వాత, కదిలింది. వీరేశం చెయ్యి పనికిరాదు కాబట్టి ఆమె పేరు రాశారు. ఊడ్చే పని. కానీ పర్మనెంటు. నెల తిరిగితే జీతం, ఒంట్లో బాగాలేకపోతే కార్ఖానా దవాఖాన, ముసలితనంలో ఇంత పింఛను. వారంలోపల వచ్చి చేరాలి. వీరేశం ఆ కాగితాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఊరంతా చూపించి వచ్చాడు. చెయ్యి పోయిన నాటి నుంచి ఆ మనిషి అంత నిటారుగా నడవడం ఎవరూ చూడలేదు.

మూడో రోజు పద్మావతి వాళ్ళింటికి వచ్చింది. చాప మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, చాలాసేపు పిల్లలతో మాట్లాడి, అప్పుడు అసలు సంగతి చెప్పింది.

"భూలక్ష్మీ, నువ్వెళ్ళిపోతే కాంటీన్ ఆర్డరు నిలబడదు. కాయ చూసి కొనడం, ఎండ చూసి దించడం నీకు తప్ప ఎవరికీ రాదు. మిగతా పదకొండుమందీ ఇళ్ళకి పోతారు."

"నాకు ముగ్గురు పిల్లలు అమ్మా."

"తెలుసు. మూడేళ్ళు ఓపిక పట్టు. ఈ కేంద్రం సంఘానిది కాదు, మీది. కాళ్ళ మీద నిలబడగానే మీ పన్నెండుమందికే రాసి ఇచ్చేస్తాం. నాది పూచీ."

"కాయితం మీదున్నదా ఈ మాట?"

"ఉంది. మినిట్స్ పుస్తకంలో రాశాం."

రాసిన మాట నిజమే. "కేంద్రాన్ని భవిష్యత్తులో లబ్ధిదారులకు అప్పగించు విషయము సానుభూతితో పరిశీలించవలెను" అని రాశారు. ఆ వాక్యంలో ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయో చదువుకున్న పద్మావతి చూడలేదు. చదువు రాని భూలక్ష్మి ఎలా చూస్తుంది?

వీరేశం ఆ నౌకరీ పోనియ్యనన్నాడు. "నెల జీతం కాలదన్నుకునే పిచ్చిదాన్ని నిన్నే చూస్తున్న," అన్నాడు. "వాళ్ళ మాటలకు ఉబ్బిపోయినవు నువ్వు."

"నౌకరి అంటే ఒకరు ఇచ్చేది. ఇయ్యాల ఇస్తరు, రేపు పొమ్మంటరు. గిదైతే మాది," అన్నది భూలక్ష్మి.

ఊరికే ఇచ్చింది పుచ్చుకోని పొగరే ఆమె చేత ఆ మాట అనిపించింది. కార్ఖానా గేటు దగ్గరికి పోయి, నౌకరీ వద్దని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చింది. వీరేశం రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాడు గానీ అంతకుముందులాగా కాదు.

ఆ మూడేళ్ళూ ఆమె కేంద్రాన్ని సొంతిల్లు నడిపినట్టు నడిపింది. తూకం పెరగాలని నీళ్ళు చల్లి తెచ్చిన మిరపకాయల బస్తాను గుమ్మంలోనే గుర్తుపట్టి వెనక్కి తిప్పి పంపేది. ఎండ బాగా కాసిన రోజు హఫీజ్‌పేట్ బండల మీద కాయ ఆరబోయించి, అరచెయ్యి బండకు ఆనించి చూసి, ఇంత చాలు తియ్యండి అనేది. ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ళ వంతు తాను దంచేది. కాంటీన్ ఒకటి రెండయింది. క్వార్టర్లలో దాన్ని సంఘం కారం అనేవారు. అంగట్లో మాత్రం భూలక్ష్మి కారం అనే అడిగేవారు. ఆ సంగతి కనకలక్ష్మి చెవిన పడింది, రుచించలేదు. "సేవలో వ్యక్తుల పేర్లు రాకూడదండీ," అన్నది. సంఘం గోడ మీద ఆమె పేరు అప్పటికే రెండుచోట్ల ఉంది.

డెబ్భై నాలుగు వచ్చింది. ఉగాదికి మూడేళ్ళు నిండుతాయి. గోదాము పైకప్పు కారుతోంది, వానాకాలం వస్తే మిరపకాయ బూజు పడుతుంది. కొత్త రేకులు వేయించడానికి ఒక దాతను పట్టారు. ఆయన పేరు రామబ్రహ్మం. నగరంలో పెద్ద వ్యాపారి, తల్లి పేరున ధర్మసంస్థ పెట్టి ఏడాదికి ఇన్ని దానాలని లెక్క పెట్టుకుని చేసేవాడు. చెడ్డవాడు కాడు. ఇతరుల కష్టం చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. కష్టపడేవాళ్ళకు ఏం కావాలని అడగాలన్న ఆలోచన మాత్రం ఆయనకు రాదు.

ఆయన వస్తున్నాడని భూలక్ష్మి ముందు రోజే గోదాము అలికించింది. దాత రాగానే పన్నెండుమందీ రోకళ్ళు అందుకున్నారు. తమ పని చూసి మెచ్చుకుంటాడని వాళ్ళ ఆశ. ఆయన గుమ్మంలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఎర్రబడ్డ కళ్ళు, కారే నీళ్ళు, ముక్కులకు కట్టిన కొంగులు చూశాడు. దగ్గరికి వచ్చి, "ఏదమ్మా, నీ చేతులు చూపించు," అన్నాడు.

భూలక్ష్మి రెండు అరచేతులూ చాచింది. వేళ్ళ మొదళ్ళలో కాయలు కాసి, అరచెయ్యి గట్టిపడిపోయింది. రైతు తన పంట చూపించినట్టు చూపించింది ఆమె. ఆయనకు కనబడింది వేరు.

"ఈ రోజుల్లో కూడా ఆడవాళ్ళు ఇలా దంచుకు చావాలా?" అన్నాడు. "రేకుల సంగతి తర్వాత చూద్దాం. కారం పట్టే మిషను ఇప్పిస్తాను. కరెంటుతో నడిచేది. ఈ తల్లులు ఇక రోకలి ముట్టుకోకూడదు."

పద్మావతి నోరు తెరిచింది. "మాకు పైకప్పు అయితే..." అనబోయింది.

"మహాభాగ్యమండీ!" అన్నది కనకలక్ష్మి గట్టిగా. అందరూ చప్పట్లు కొట్టారు. కిష్టమ్మ కూడా కొట్టింది, ఏమిస్తున్నారో సరిగ్గా తెలియక.

సంఘాలకు ఒక ఆచారం ఉంది. ఇస్తానన్నవాడికి వద్దని చెప్పవు. ముందు దండ వేస్తాయి, దండ వాడిపోయాక ఆలోచిస్తాయి. పైగా రేకుల మీద పేరు రాస్తే కాకులకు తప్ప ఎవరికీ కనబడదు. మిషను మీద రాస్తే అందరికీ కనబడుతుంది. పన్నెండుమందికి పని ఇవ్వడానికి పుట్టిన కేంద్రం, పన్నెండుమంది పనినీ మింగేసే దానాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఆ మిషను ఎంత పని చేస్తుందో భూలక్ష్మి ఒక పూట పోయి బాలానగర్‌లో గిర్ని దగ్గర నిలబడి చూసి వచ్చింది. తాము పన్నెండుమంది పొద్దుగూకేదాకా దంచింది అది పొయ్యి మీద అన్నం ఉడికేలోపల పట్టేస్తోంది. పక్కన ఒక్క మగమనిషి చాలు.  ఆమె దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చి, తిన్నగా పద్మావతి ఇంటికి పోయింది.

"మిషన్ రానియ్యున్రి అమ్మా, వద్దనం. గాని మాకే ఇయ్యున్రి," అన్నది. "ఉగాదికి మూడేండ్లు నిండుతయి. ఆరుగురం తొడిమలు తీస్తం, నలుగురం ఎండబెడ్తం, జల్లెడ పడ్తం, ఇద్దరం గిర్ని కాడ ఉంటం. నేర్పితే ఎందుకు రాదు? పని ఎక్కువైతది గాబట్టి ఇంకో రెండు కాంటీన్లు నేనే తిరిగి తెస్త. ఎవ్వరూ ఇంటికి పోవుడు అక్కర్లేదు."

పద్మావతి ఆమె చేతులు పట్టుకుంది. ఇంత చదివి తనకు తట్టని ఉపాయం ఈమెకు తట్టిందే అని ఆమెకు నిజంగానే సంతోషం వేసింది. "ఇదే చెప్తాను కమిటీలో. ప్రారంభం రోజు సభలోనే ప్రకటిస్తారు, చూడు," అన్నది.

కమిటీలో ఏం జరిగిందో భూలక్ష్మికి చాలా రోజులకు, ఆ క్వార్టర్లలో అంట్లు తోమే మనిషి ద్వారా తెలిసింది. పద్మావతి ఆ ఉపాయం చెప్పింది. చదువురాని ఆడవాళ్ళకు కరెంటు మిషను ఏమిటండీ, ఎవరి చెయ్యైనా తెగితే దాతగారికి ఎంత అప్రతిష్ఠ అన్నది కనకలక్ష్మి. పద్మావతి మళ్ళీ చెప్పబోయింది. "మీవారి ప్రమోషను ఫైలు ఈ నెలలోనే కదూ మావారి దగ్గరికి వచ్చేది?" అని కనకలక్ష్మి చాలా ఆప్యాయంగా అడిగింది. పద్మావతి ఆ మాట అంతటితో వదిలేసింది. ఆ మాటకూ ఈ మాటకూ సంబంధం లేదని తనకు తాను చెప్పుకునే ఉంటుంది. అలా చెప్పుకోవడానికే బి.ఏ.లు పనికొస్తాయి.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజు ప్రారంభోత్సవం. మిషనుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దాని ఒంటిమీద రామబ్రహ్మంగారి తల్లి పేరు తెల్లరంగుతో రాసి ఉంది. ఆరు రోళ్ళనూ బయట గోడవారగా బోర్లించారు. భూలక్ష్మి ఉతికిన చీర కట్టుకుని, పదకొండుమందినీ వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో నేల మీద కూర్చుంది. వీరేశాన్ని కూడా రమ్మన్నది. అతను వెనక నిలబడ్డాడు.

"ఇయ్యాల చెప్తరు, చూడు," అని ఆమె కిష్టమ్మతో గుసగుసలాడింది.

కనకలక్ష్మి చెప్పింది. పేద మహిళలను వెట్టి నుంచి విముక్తి చేశామన్నది. ఇకమీదట కేంద్రాన్ని దాతగారి మేనల్లుడు కాంట్రాక్టు మీద నడుపుతారని, ఆయన కట్టే సొమ్ముతో పేద మహిళల సంక్షేమానికి సంఘం కొత్త పథకాలు వేస్తుందని చెప్పింది. ఇన్నాళ్ళు సేవ చేసిన పన్నెండుమందికీ తలా ఒక నేతచీర. చప్పట్లు. తర్వాత, లబ్ధిదారుల తరఫున భూలక్ష్మి రెండు మాటలు చెబుతుందన్నది.

భూలక్ష్మి లేచింది. కొంగు నడుముకు చుట్టుకుంది, పనికి దిగేటప్పుడు చుట్టుకున్నట్టే.

"నాకు సభల మాట్లాడరాదు. ఒక్కటే అడుగుత," అన్నది. "కార్ఖానల నౌకరి వచ్చింది నాకు. పోలె. గిది మాదే అయితదంటె వదులుకున్న. మూడేండ్లయింది. ఇప్పుడు చెప్పున్రి. గిది ఎవరిది?"

 ఆమె చూపు పద్మావతి మీద నిలిచింది. ఒక్క మాట అంటే చాలు. నేను పూచీ పడ్డాను అంటే చాలు, మేనల్లుళ్ళూ కాంట్రాక్టులూ తర్వాత చూసుకోవచ్చు. పద్మావతి ఒళ్ళో ఉన్న చీరల కట్టకు ముడి విప్పుతూ కూర్చుంది. ఆ ముడి ఎంతకూ రాలేదు.

"అందరిదీనమ్మా," అన్నది కనకలక్ష్మి నవ్వుతూ. "సంఘం అంటే మన అందరిదీ." తానే ముందు చప్పట్లు కొట్టింది. సభ కొట్టింది. రామబ్రహ్మం కళ్ళు తుడుచుకుని మీట నొక్కాడు. మిషను మోతలో ఇక ఎవరు ఏం మాట్లాడినా వినబడలేదు.

చీరలు పంచేటప్పుడు భూలక్ష్మి వరసలో నిలబడలేదు. కిష్టమ్మ నిలబడింది. చీర చంకలో పెట్టుకుని బయటికి వచ్చి ఏడ్చింది. "కోపం జెయ్యకక్కా. పిల్లకు లంగ అయితది," అన్నది. భూలక్ష్మి కోపం చెయ్యలేదు. కోపం చెయ్యవలసినవాళ్ళు లోపల మిఠాయి తింటున్నారు.

మర్నాడు ఆమె కార్ఖానా గేటు దగ్గరికి పోయింది. గుమాస్తా పాత కట్ట విప్పి ఆమె వేలిముద్ర ఆమెకే చూపించాడు. వద్దని నువ్వే రాసిచ్చావు, ఆ పట్టిక ఏనాడో మూసేశారు అన్నాడు. ఆమె ఆ నల్లటి ముద్ర వైపు చూసింది. తన వేలే. ఎవరూ బలవంతంగా పట్టి వేయించలేదు. ఎవరినైనా తిట్టడానికి కూడా వీలు లేదు. ఇంటికి వచ్చాక వీరేశం ఎడమచేత్తో మంచినీళ్ళ చెంబు అందించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్ళీ బుధవారం అంగడికి గంప ఎత్తుకుంది. అక్కడికి మేనల్లుడి కారం ముందే వచ్చి కూర్చుంది, ఆమెకు గిట్టని ధరకు. భూలక్ష్మి కారం అని అడిగేవాళ్ళు అడిగారు గానీ, ధర విని పక్కకు పోయారు. పేదవాళ్ళు రుచికి ఎంతకని కడతారు? మూడు వారాలయ్యాక గంప ఇంట్లో పెట్టి, ఆమె కంకర కొట్టడానికి పోయింది. వీరేశం చెయ్యి నలిగిన చోటికే.

మే నెలలో ఆవకాయ రోజులు వచ్చాయి. ఒక ఆదివారం కనకలక్ష్మి ఇంటి నుంచి కబురు. మిషను వేడికి కారం నల్లబడుతోందట, మాడు వాసన వేస్తోందట. కూరల్లోకి సరే, ఏడాది నిలవుండే ఆవకాయకు ఆ కారం కలిపితే జాడీలు జాడీలు పాడవుతాయట. కాబట్టి వచ్చి దంచిపెట్టాలి. తనొక్కతెకే కాదు, కమిటీలో ఇంకా అయిదిళ్ళకు.

ఇంట్లో నూకలు లేవు. భూలక్ష్మి పోయింది. పెరట్లో ఒక్కతే దంచింది. ఎదుట ఇంకో రోకలి లేదు, కిష్టమ్మ ఊపిరి లేదు. తన దెబ్బకూ తన దెబ్బకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో ఆ రోజే ఆమెకు తెలిసింది. పొద్దున వచ్చిన మనిషి మధ్యాహ్నం దాటేదాకా దంచి, రెండుసార్లు జల్లించి, ఎర్రటి పొడి జాడీకి ఎత్తి పెట్టింది.

కనకలక్ష్మి చిటికెడు తీసుకుని వాసన చూసింది. "ఎంతైనా చేతి కారం చేతి కారమేనే భూలక్ష్మీ," అన్నది. గిన్నెలో అన్నం, నిన్నటి పప్పు పెట్టి ఇచ్చింది.

"అన్నం వద్దమ్మా. కైకిలి ఇయ్యున్రి."

"అదేమిటే? నువ్వు మన సంఘం మనిషివి. నీకూ నాకూ మధ్య కూలేమిటి? పిల్లలకి ఏం కావాలో చెప్పు, పట్టుకెళ్ళు."

"పిల్లలకు కావాల్సింది నేను కొనుక్కుంట. కైకిలి ఇయ్యున్రి."

కనకలక్ష్మి తలుపు వేసుకుంది. భూలక్ష్మి పెరటి మెట్టు మీద కూర్చుంది. అరవలేదు, తలుపు తట్టలేదు. అటూ ఇటూ క్వార్టర్లలో కిటికీలు తెరుచుకున్నాయి. ఒకింటి కిటికీలో పద్మావతి కనబడి, వెంటనే లోపలికి తప్పుకుంది. ఎండ గోడ దిగింది. జీపు వచ్చి ఆగిన చప్పుడయ్యాక, ఎవరీ మనిషి అని అయ్యగారి గొంతు వినబడ్డాక, తలుపు సందులోంచి డబ్బులు మెట్టు మీద పడ్డాయి. భూలక్ష్మి ఏరుకుని, చూసుకుని, సరిపోయాయని కొంగున ముడేసుకుని వెళ్ళింది.

మిగతా అయిదిళ్ళ వాళ్ళు ఆమెను పిలవలేదు. మరుసటేడు ఆవకాయ రోజుల్లో కూడా ఆమెకు కబురు రాలేదు. కిష్టమ్మకు వచ్చింది. కిష్టమ్మ కైకిలి అడగలేదు.